మార్కులు లేని వేదిక కావాలి

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం సంగీత గురువులకు, తల్లిదండ్రులకు, గుడి కమిటీ పెద్దలకు మనవి

మన ఊళ్లలో పాట నేర్చుకునే పిల్లలకు వేదిక ఎప్పుడు దొరుకుతుంది? ఏ పోటీ రోజునో. ఎదురుగా జడ్జీలు, ఆ పక్కన ఫోన్లు ఎత్తిపట్టిన అమ్మానాన్నలు. ఇంట్లో కళ్లు మూసుకుని పాడే వర్ణం అక్కడ చిట్టస్వరాల దగ్గర ఆగిపోతుంది. "సాధకం చాల్లేదు" అని ఇంటికొచ్చాక తిట్లు. సాధకం బాగానే చేసింది బిడ్డ. జనం ముందు కూర్చునే అలవాటే ఎవరూ చేయించలేదు.

సభాకంపం ఒంటికి సంబంధించిన సంగతి. భయం పుట్టగానే అడ్రినలిన్ పొంగుతుంది. గుండె దడదడలాడుతుంది, ఊపిరి పైపైనే ఆడుతుంది. గాత్రం వాళ్లకు పై షడ్జం అందదు, వయొలిన్ మీద కమాను వణుకుతుంది, మృదంగం కాలం పరుగెత్తుతుంది. సన్నాయి వాళ్ల పాట్లు మరీ ఘోరం: పీక తడుపుదామంటే నోట్లో తడే ఉండదు. "ధైర్యంగా ఉండు" అంటే ఇవేవీ ఆగవు. ప్రపంచమంతా మెచ్చిన పియానో విద్వాంసుడు హోరోవిట్జ్ కూడా వేదిక భయంతో సతమతమైనవాడే. 1953 నుంచి 1965 దాకా కచేరీలకే దూరంగా ఉండిపోయాడు.

కొందరు బిళ్లతో నెట్టుకొస్తారు. 1987లో అమెరికా ఆర్కెస్ట్రాల వాళ్లను అడిగితే, నూటికి 27 మంది ప్రొప్రనొలాల్ లాంటి గుండె మందులు వాడామన్నారు. ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ మందు ప్రాణాంతకం కావచ్చు; డాక్టరు చూడకుండా దాని జోలికి పోవద్దు. ఇక పద్యనాటకాల వాళ్లలో "ఒక చుక్క పడితేగానీ రాగం రాదు" అనే మాట ఉంది. చుక్క పడ్డాక వచ్చేది రాగమో కాదో వినేవాళ్లకు తెలుసు!

మేం అడిగేది నెలకొక్క సాయంత్రం. మూడు ఊళ్లూ ఒకే రైలు దారిలో ఉన్నాయి కాబట్టి ఒక నెల ధర్మవరం, మరుసటి నెల పెనుకొండ, ఆపైన హిందూపురం. గుడి మండపమైనా సరే, బడి హాలైనా సరే. త్యాగరాజ ఆరాధనలో పంచరత్నాలు పాడినట్టు మొదట అందరూ కలిసి పాడాలి. కొన్నాళ్లకు ఇద్దరిద్దరు, బెరుకు తగ్గాక ఒక్కొక్కరు. పుస్తకం ముందు పెట్టుకోవచ్చు. మధ్యలో మరిచిపోతే గురువుగారు పల్లవి అందుకుంటారు, పాట సాగిపోతుంది. బహుమతులు ఉండవు, వీడియోలు తీయకూడదు.

పెద్దలూ పాడాలి. డోలు సన్నాయి మేళం వాళ్లు, హార్మోనియం వాయించేవాళ్లు, పెనుకొండ దర్గాలో ఖవ్వాలీ పాడేవాళ్లు రావాలి. తలపండిన విద్వాంసుడి చేయి కూడా మొదటి నిమిషం వణకడం పిల్లలు దగ్గరుండి చూడాలి. లేపాక్షి నాట్యమండపంలో బ్రహ్మ మృదంగం, తుంబురుడు వీణ వాయిస్తుంటే రంభ ఆడుతోంది. అక్కడ మార్కులు వేసేవాడిని మాత్రం శిల్పి చెక్కలేదు.

పోటీలు లేకుంటే పిల్లలు కష్టపడరని కొందరంటారు. పోటీలు ఎత్తేయమని మేం అనడం లేదు. ఇలాంటి సాయంత్రాలు నాలుగైదు చూసిన పిల్లలనే పంపండి, పదేళ్లలోపు వాళ్లను అసలు పంపకండి.

చాపలు, మైకు, టీ ఖర్చు తల్లిదండ్రులమే వేసుకుంటాం. కమిటీలు మండపం ఇస్తే చాలు. ఏ ఊరు ముందు ఒప్పుకుంటే ఆ ఊళ్లోనే మొదలుపెడదాం.

— మూడు ఊళ్ల సంగీత విద్యార్థుల తల్లిదండ్రులు