పాత బండికి పది నిమిషాలు

గుర్రంకొండ కోటకు ఒకప్పుడు ఓ గుర్రం కాపలా కాసేదట. అది ఉన్నంత కాలం కోట జోలికి ఎవరూ రాలేరని నమ్మేవారట. ఊరి పేరు వెనక జనం చెప్పుకొనే కథ అది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎన్నో ఇళ్లను కాచేది మరో గుర్రం... పదేళ్లో పదిహేనేళ్లో నిండిన పికప్ బండి! టమోటా కోతకొస్తే క్రేట్లు మదనపల్లె మార్కెట్‌కి మోసేది అదే. మిగతా రోజుల్లో ఎరువుల బస్తాలూ, పశువుల దాణా, పెళ్లి సామాన్లూ.

టమోటా ఆగదు. ధర అసలే ఆగదు. 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటిన ఆ మార్కెట్లోనే, కోత కూలి కూడా రాక రైతులు కాయల్ని పారబోసిన రోజులూ ఉన్నాయి. ధర ఉన్న రోజున బండి దారిలో మొరాయిస్తే పోయేది రిపేరు ఖర్చొక్కటే కాదు. వేలం దాటిపోతుంది, కాయ మెత్తబడుతుంది, ఇంకో బండికి బాడుగ అదనం.

అలాగని పాత బండిని చూసి భయపడక్కర్లేదు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 బండ్లతో పోలిస్తే వీటిలో సెన్సర్ల గొడవ తక్కువ. ఊళ్లో మెకానిక్ చేతికే లొంగుతాయి. పైగా ఇవి చాలావరకు ముందే చెప్పి చెడిపోతాయి. వినే ఓపిక మనకుండాలి, అంతే.

పొద్దున్నే తాళం తిప్పకముందు ఓ పది నిమిషాలు చాలు. బండి చదునైన చోట ఉండగా డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూడాలి. తగ్గితే పోయాలి. పాలకాఫీ రంగులోకి మారిందంటే ఇంజిన్లో నీళ్లు కలుస్తున్నట్టే. ఆ రోజు బండి కదపకూడదు. రేడియేటర్ మూత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తియ్యాలి. నీళ్లు తగ్గాయని బోరు నీళ్లు పోసేస్తుంటారు చాలామంది. ఆ నీటిలోని ఉప్పు సన్నటి గొట్టాల్లో గారలా పేరుకుంటుంది. ఎండాకాలం ఎత్తెక్కేటప్పుడు ఇంజిన్ కాగిపోవడానికి అదీ ఓ కారణమే. కూలెంట్‌నీ డిస్టిల్డ్ వాటర్‌నీ కలిపి పోయడమే మేలు. ఫ్యాన్ బెల్టు నెర్రెలిస్తే తెగేదాకా ఆగొద్దు. కొత్తది వేయించి, ఇంకోటి సీటు కింద పెట్టుకోవాలి.

పొలం బాటల్లో దుమ్మెక్కువ. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే నల్లపొగ వస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. డీజిల్ ఫిల్టర్ అడుగున మర ఉంటే, అప్పుడప్పుడూ వదులు చేసి చేరిన నీటిని వదిలేయాలి. కమాన్ కట్టల పిన్నులకీ, ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాసులకీ వేళకి గ్రీజు కొట్టించాలి. టమోటా రసం పులుపు ఇనుముకి పడదు. దింపిన రోజే తొట్టి కడిగేస్తే తుప్పు ఆలస్యంగా వస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకులు. తిరుపతి వైపు భాకరాపేట ఘాట్, చిత్తూరు వైపు మొగిలి ఘాట్... రెండూ బరువుతో దిగాల్సినవే. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. పాతబడిన ఆయిల్ దిగువలో వేడికి మరిగి, పెడల్ తొక్కినా పట్టదు. అందుకే రెండేళ్లకోసారి మార్పించాలి. డీజిల్ ఆదా అవుతుందని ఇంజిన్ ఆపి దిగడమంటే ప్రాణంతో చెలగాటమే. బ్రేకుకి సాయంగా ఉండే బూస్టర్ పనిచేయక, పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలని పెద్ద డ్రైవర్లు చెప్పేది ఊరికే కాదు.

టైరు గాట్లు నిండుగా కనబడుతున్నా వయసు చూడాలి. పక్కన అచ్చయిన నాలుగంకెల్లో 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం.

ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఎఫ్‌సీ తప్పదు. చాలామంది ఆ వారంలోనే అన్నీ బాగు చేయిస్తారు. అధికారి చూసేది ఏడాదికోసారి, ఘాట్‌రోడ్డు చూసేది ప్రతి ట్రిప్పులోనూ! డ్యాష్‌బోర్డులో ఓ చిన్న నోట్‌బుక్ పెట్టి, ఏది ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారో రాసుకోండి. రేపు బండి మీ అబ్బాయి చేతికొచ్చినా, ఇంకొకరికి అమ్మినా అదే దానికి జాతకం.