అట్టముక్కల దగ్గరే ఆగుతున్న ఆలోచన

* ఉద్దానం బడుల్లో ఊహలకు కొదవ లేదు.. పనిముట్టు పట్టించే చేతులే కరవు
* జీడి కర్మాగారాలు, గ్రానైట్‌ యూనిట్లు, లేతు షెడ్లు.. నిపుణులంతా ఊళ్లోనే
* గెలిచాక కాదు.. తొలిమెట్టు వద్దే అందాలి సాయం

పలాస: ఏటా వైజ్ఞానిక ప్రదర్శనల కాలం రాగానే పాఠశాలల్లో సందడి మొదలవుతుంది. థర్మకోల్‌, అట్టముక్కలు, రంగుకాగితాలు, ఒక చిన్న బ్యాటరీ మోటారు.. వీటితోనే విద్యార్థులు తమ ఊహకు రూపమిస్తారు. న్యాయనిర్ణేతలు చూస్తారు, అతిథులు అభినందిస్తారు, ధ్రువపత్రాలు పంచుతారు. మర్నాటికి ఆ నమూనా ప్రయోగశాల బీరువాపైకి చేరుతుంది. అది నిజంగా పనిచేస్తుందా, ఊరికి ఉపకరిస్తుందా అన్న ప్రశ్న అడిగేవారుండరు. చూపించే నమూనాకు, పనిచేసే నమూనాకు మధ్య ఉన్న ఈ అగాధమే పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల బాలమేధకు పెద్ద అవరోధం.

ఆ అగాధాన్ని పూడ్చగలిగేది పాఠ్యపుస్తకం కాదు. కొలత తీసి, లోహం కోసి, అతికి, విఫలమైతే మళ్లీ మొదలుపెట్టిన అనుభవం ఉన్న మనిషి. అంటే పరిశ్రమలో పనిచేసే ఇంజినీరు, ఫోర్‌మన్‌, మెకానిక్కు. వారానికి ఒకటి రెండు గంటలు స్వచ్ఛందంగా బడికి వచ్చి పిల్లల పక్కన కూర్చునే విధానం దేశంలోనూ, విదేశాల్లోనూ ఫలితాలిస్తోంది. ఆ ప్రయత్నం ఇక్కడా వేళ్లూనుకోవాల్సిన సమయమిది.

కళ్లెదుటే సమస్యలు

ఉద్దానం పిల్లలకు ఆలోచనలను ఎవరూ అరువివ్వక్కర్లేదు. ఇంటి గడప దాటితే చాలు. పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల్లో 200కు పైగా జీడి యూనిట్లున్నాయి. పిక్కను కాల్చడం లేదా ఆవిరిపట్టడం, బద్దలు కొట్టడం, బోర్మాలో ఆరబెట్టడం, పొట్టు వలవడం, పప్పును రకాలుగా వేరుచేయడం.. ఈ దశల్లో అధిక భాగం మహిళల చేతిమీదే నడుస్తుంది. జీడి పెంకులోని నూనెలో ఉండే అనకార్డిక్‌ ఆమ్లం, కార్డాల్‌ చర్మాన్ని కాలుస్తాయి. బూడిదో, ఆముదమో రాసుకుని పనిచేయడం ఏనాటినుంచో ఉన్న అలవాటు. తల్లి అరచేతులను రోజూ చూసే బాలికకు చేతికి నూనె అంటని వలుపు సాధనం ఎందుకు కావాలో వేరే చెప్పాలా?

కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో కొబ్బరి చెట్టెక్కేవారు దొరకడం గగనమవుతోంది. కేరళలోని కన్నూరు జిల్లాకు చెందిన అప్పచ్చన్‌ అనే రైతు రూపొందించిన చెట్టెక్కే సాధనాన్ని జాతీయ నవకల్పనల సంస్థ వెలుగులోకి తెచ్చింది. ఉద్దానం తోటలకు, ఇక్కడి మహిళలకు అనువుగా దానిని మలచడం ఉన్నత పాఠశాల విద్యార్థులకు చక్కని ప్రాజెక్టు కాగలదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వజ్రపుకొత్తూరు, పలాస తీరాన్ని తాకిన తిత్లీ తుపాను తోటలను నేలకూల్చింది. పల్లెలు రోజుల తరబడి అంధకారంలో మగ్గాయి. ఆనాడు సెల్‌ఫోన్లలో చార్జింగ్‌ లేక, తాగునీటి మోటార్లు కదలక జనం పడ్డ అవస్థ ఇప్పటి విద్యార్థుల ఇళ్లలో చెరగని జ్ఞాపకం. ఇక ఉద్దానం కిడ్నీ వ్యాధి సంగతి జగద్విదితం. కచ్చితమైన కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు నేటికీ తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి, వంశధార నీటిని అందించే ఉద్దానం తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. ఎండలో పనిచేసే కూలీ వేళకు నీరు తాగేలా గుర్తుచేసే పరికరం, కుళాయి నీటి నాణ్యతను నమోదుచేసే చిన్న యంత్రం.. ఇలాంటివి పిల్లల ఊహకు అందనివి కావు.

పథకాలు ఉన్నాయి.. పట్టుకునేవారేరీ?

ప్రభుత్వపరంగా పథకాలకు లోటు లేదు. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ అమలుచేస్తున్న ఇన్‌స్పైర్‌-మానక్‌ కింద ఎంపికైన ప్రతి విద్యార్థి ఖాతాలో రూ.10 వేలు జమవుతాయి. నీతి ఆయోగ్‌ ఆధ్వర్యంలో 2016లో ఆరంభమైన అటల్‌ నవకల్పనల మిషన్‌ కింద ఎంపికైన పాఠశాలకు టింకరింగ్‌ ల్యాబ్‌ కోసం రూ.20 లక్షల వరకు సాయం అందుతుంది. ఇందులో రూ.10 లక్షలు ఏర్పాటుకు, మిగిలిన రూ.10 లక్షలు అయిదేళ్ల వరకు నిర్వహణకు. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, ఎలక్ట్రానిక్‌ కిట్లు, చేతి పనిముట్లు అందులో ఉంటాయి. దేశవ్యాప్తంగా ఇలాంటివి దాదాపు 10 వేలు నెలకొన్నాయి. ప్రభుత్వ పాఠశాలల్లో అయిదేళ్లలో మరో 50 వేలు నెలకొల్పుతామని 2025-26 కేంద్ర బడ్జెట్‌ ప్రకటించింది.

ఈ ల్యాబులకు స్వచ్ఛంద మార్గదర్శకులను జతచేసేందుకు మెంటర్‌ ఇండియా పేరిట 2017లో ప్రత్యేక కార్యక్రమం మొదలైంది. వారికి జీతభత్యాలుండవు. వారానికి ఒకటి రెండు గంటలు కేటాయిస్తే చాలు. ల్యాబ్‌ లేని బడికి కూడా నిపుణులు సేవలందించేందుకు కేంద్ర విద్యాశాఖ వారి విద్యాంజలి వేదిక ఉంది. రాష్ట్రంలో 2025 ఆగస్టులో మంగళగిరిలో రతన్‌ టాటా ఇన్నోవేషన్‌ హబ్‌ ప్రారంభమైంది. దాని ప్రాంతీయ కేంద్రాల్లో పలాసకు దగ్గరిది విశాఖపట్నం. ఇచ్ఛాపురం బాలుడికి అదీ దూరాభారమే.

లోపం ఎక్కడంటే..

ఇన్‌స్పైర్‌-మానక్‌ తీరును గమనిస్తే చిక్కుముడి అర్థమవుతుంది. ఆలోచన పంపాలి, ఎంపిక కావాలి, సొమ్ము రావాలి, నమూనా చేయాలి, జిల్లాలో నెగ్గాలి, ఆపై రాష్ట్రస్థాయికి వెళ్లాలి. అక్కడ ఎంపికైన వారికే పేరున్న సాంకేతిక సంస్థల నిపుణుల తోడ్పాటు లభిస్తుంది. అంటే నిపుణుడు గెలిచినవారి చెంతకు వెళుతున్నాడు. కొలత తెలియక, సరైన మోటారు ఏదో తెలియక జిల్లాస్థాయిలోనే వెనుదిరిగిన విద్యార్థికి ఎవరూ లేరు. నిజానికి సాయం కావాల్సింది అతడికే.

పర్యవసానం ఊహించదగ్గదే. రూ.10 వేలు చేతికందినా దాన్ని ఎలా వెచ్చించాలో చెప్పేవారు లేకపోతే బజారులో దొరికే సిద్ధనమూనాయే శరణ్యమవుతుంది. పేరు విద్యార్థిది, పనితనం దుకాణదారుడిది. సైన్సు ఉపాధ్యాయుడిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. సిలబస్‌, పరీక్షలు, బోధనేతర విధులు.. వీటి నడుమ ఆయన వెల్డింగు, సర్క్యూట్ల కూర్పు నేర్పాలని ఆశించడం అత్యాశే. ల్యాబ్‌ ఉన్నచోటా ఇదే కథ. యంత్రం కొనడానికి నిధులుంటాయి, అది మొరాయించినప్పుడు బాగుచేసే మనిషి ఉండడు.

మల్లేశం చెప్పే పాఠం

చింతకింది మల్లేశం ఉదంతం తెలుగు నాట అందరూ ఎరిగినదే. ఆలేరు సమీపంలోని శారాజీపేటలో, ఆసు పోయడానికి రోజూ వేలసార్లు చేయి కదిలిస్తూ భుజం నొప్పితో బాధపడే తల్లిని చూసి ఆయన యంత్రం తలపెట్టారు. బడి చదువు మధ్యలోనే ఆగినా 1992లో మొదలుపెట్టిన పనిని 1999లో పూర్తిచేశారు. ఏడేళ్లు పట్టింది. చివరి చిక్కు విడిపోయింది హైదరాబాద్‌లోని బాలానగర్‌ పారిశ్రామికవాడలో. అక్కడ పనికి వెళ్లినప్పుడు కంటపడిన ఒక యంత్రం కదలిక ఆయనకు దారి చూపింది. తల్లి పేరిట వచ్చిన లక్ష్మీ ఆసు యంత్రానికి గుర్తింపుగా 2017లో పద్మశ్రీ వరించింది.

ఈ విజయగాథలో మరుగునపడే అంశం ఒకటుంది. సమస్య ఇంట్లో పుట్టింది, పరిష్కారం కర్మాగారంలో కనిపించింది. రెంటికీ నడుమ ఏడేళ్లు గడిచాయి. యంత్రాలు ఎరిగిన మనిషి తొలినాళ్లలోనే పక్కన నిలిచి ఉంటే ఆ నిరీక్షణ అంత సుదీర్ఘమయ్యేదా? పట్టుదల గలవారు ఏడేళ్లు నిలబడతారు. అందరు పిల్లలూ నిలబడలేరు.

అన్యత్రా ఇదే బాట

అమెరికాలో డీన్‌ కేమెన్‌ 1989లో ఫస్ట్‌ అనే సంస్థను స్థాపించారు. 1992లో 28 జట్లతో మొదలైన దాని రోబో పోటీల్లో కంపెనీల ఇంజినీర్లు విద్యార్థుల పక్కనే నిలిచి యంత్రం తయారుచేయిస్తారు. బ్రిటన్‌లో 2005లో మొదలైన ప్రైమరీ ఇంజినీర్‌ సంస్థ ‘నువ్వే ఇంజినీరువైతే ఏం చేస్తావు?’ అని చిన్నారులను అడుగుతుంది. వారు గీసిన బొమ్మలను ఇంజినీర్లు పరిశీలిస్తారు. ఎంపికైన వాటిలో కొన్నింటిని విశ్వవిద్యాలయ బృందాలు నిజంగానే తయారుచేస్తాయి.

తెలుగు రాష్ట్రాలకూ ఇది కొత్త కాదు. 1999లో ఏర్పాటైన అగస్త్య ఫౌండేషన్‌ కుప్పం కేంద్రంగా ప్రయోగాలను వాహనాలపై బడి ముంగిటికి తెచ్చింది. తెలంగాణలో 2020లో రాష్ట్ర ఇన్నోవేషన్‌ సెల్‌, యునిసెఫ్‌, ఇంక్విల్యాబ్‌ సంస్థలు కలిసి పాఠశాలల నవకల్పనల పోటీని చేపట్టాయి. విద్యార్థి తన చుట్టూ ఉన్న సమస్యను తానే ఎంచుకోవడం దాని ప్రత్యేకత.

నిపుణులు ఊళ్లోనే

ఉద్దానానికి నిపుణులు ఎక్కడినుంచో రానవసరం లేదు. జీడి యూనిట్లలో బాయిలర్లు, డ్రయ్యర్లు చూసే సాంకేతిక సిబ్బంది ఉన్నారు. టెక్కలి పరిసరాల నీలి గ్రానైట్‌ క్వారీలు, పాలిషింగ్‌ యూనిట్లలో కోత యంత్రాలు నడిపేవారున్నారు. కాశీబుగ్గ లేతు షెడ్లలో, పలాస రైల్వేలో అనుభవజ్ఞులున్నారు. 2001లో టెక్కలిలో నెలకొన్న ఆదిత్య ఇంజినీరింగ్‌ కళాశాల, ఎచ్చెర్లలోని ట్రిపుల్‌ ఐటీ ప్రయోగశాలలను కాస్త తెరిస్తే పిల్లలకు కావాల్సిన పనిముట్లు దొరుకుతాయి.

మరో వర్గాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. ఉద్దానం యువకులెందరో వెల్డర్లుగా, ఫిట్టర్లుగా గల్ఫ్‌ దేశాలకు, దేశంలోని నౌకా నిర్మాణ కేంద్రాలకు వలసవెళ్లి తిరిగొచ్చారు. ఇనుమును ఎలా వంచాలో, ఎక్కడ అతకాలో పట్టభద్రుడి కన్నా వారికే బాగా తెలుసు. మార్గదర్శకుడంటే కోటు తొడుక్కున్న మేనేజరే కానవసరం లేదు. వలసపోయిన నైపుణ్యాన్ని పుట్టినూరి బడి వాడుకోగలిగితే అది రెండింతల లాభం.

కంపెనీల చట్టం నిర్దేశించిన 2 శాతం సామాజిక బాధ్యత నిధులు ఇక్కడ పెద్దగా అక్కరకు రావు. నికరలాభం రూ.5 కోట్లు, టర్నోవరు రూ.1,000 కోట్లు, నికర విలువ రూ.500 కోట్లు.. వీటిలో ఒక్కటైనా దాటిన సంస్థలకే ఆ నిబంధన వర్తిస్తుంది. పలాస చిన్న యూనిట్లలో అత్యధికం దాని పరిధిలోకి రావు. వాటిని సొమ్ము అడగడం కన్నా సమయం అడగడమే సబబు. నెలకు ఒక శనివారం, ఒక మెకానిక్కు, కాసిని తుక్కు ఇనుప ముక్కలు.. యజమానికి ఇది భారం కాబోదు.

అపనమ్మకాన్ని చెరపాలి

ఈ తీరంలో పరిశ్రమ అనే మాటకు మానని గాయమూ ఉంది. థర్మల్‌ విద్యుత్‌ కేంద్రాలకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమాల్లో 2010 జులైలో సోంపేట వద్ద, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి వద్ద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట ఓడరేవుతో ఈ ప్రాంతానికి భారీ సంస్థల రాక పెరిగింది. బ్యానరు కట్టి, ఫొటోలు దిగి వెళ్లిపోయే సంస్థను పల్లె నమ్మదు. ఏడాది పొడవునా వచ్చే మనిషిని నమ్ముతుంది.

జాగ్రత్తలూ అవసరమే. బాలకార్మిక నిషేధ చట్టం అనుబంధంలో జీడి వలుపు, శుద్ధి పనులు పిల్లలకు నిషిద్ధమైనవిగా ఉన్నాయి. కాబట్టి కర్మాగార సందర్శన పరిశీలనకే పరిమితం కావాలి. స్వచ్ఛంద సేవకుడు వచ్చిన ప్రతిసారీ ఉపాధ్యాయుడు వెంట ఉండాలి. ఆరోగ్యానికి సంబంధించిన పరికరాలను వైద్యులు పరీక్షించకుండా రోగుల దరికి తీసుకెళ్లరాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆలోచన ఎవరిదో వారి పేరే నిలవాలి. పేటెంటు పత్రంలో ఆవిష్కర్త పేరు నమోదుకు 1970 నాటి చట్టమే అవకాశమిస్తోంది. దరఖాస్తుకు ముందే బహిరంగంగా వెల్లడిస్తే కొత్తదనం కోల్పోయే ప్రమాదముందన్న సంగతి పాఠశాలలకు తెలియజెప్పాలి.

చేయాల్సిందిదీ

జిల్లా విద్యాశాఖ ముందుగా పలాస, టెక్కలి డివిజన్లలో స్వచ్ఛందంగా ముందుకొచ్చే సాంకేతిక నిపుణుల జాబితా రూపొందించాలి. వర్తక సంఘాలు, కళాశాలలు, విశ్రాంత ఉద్యోగుల సంఘాలు దీనికి చేయూతనివ్వాలి. మండలానికి ఒక పాఠశాలను కూడలిగా ఎంచుకుని చుట్టుపక్కల బడులకు పనిముట్లు అందుబాటులో ఉంచాలి. జూన్‌, జులై నెలల్లో సమస్యల పరిశీలన, ఆగస్టు నుంచి తయారీ, నవంబరులో ఊరివారి సమక్షంలో పరీక్ష.. ఇలా కాలపట్టిక ఉంటే పని గాడిన పడుతుంది. బహుమతికి కొలమానం రంగుకాగితం కారాదు. జీడి కార్మికురాలు వాడి చూసి ‘ఇది పనికొస్తుంది’ అందా, ‘పట్టు జారుతోంది’ అందా అన్నదే గీటురాయి కావాలి. ‘జారుతోంది’ అంటే ఓటమి కాదు, రెండో నమూనాకు నాంది.

పదో తరగతి పూర్తికాగానే ఉద్దానం పిల్లలు చదువుకో, కొలువుకో విశాఖ, హైదరాబాద్‌ రైలెక్కుతున్నారు. వారు వెళ్లేలోపే, తమ ఊరి సమస్యకు తమ చేతులతో జవాబు చెప్పవచ్చన్న నమ్మకం ఒక్కసారైనా కలగాలి. అందుకు కోట్ల రూపాయలు అక్కర్లేదు. శనివారం మధ్యాహ్నం బడి గేటు తెరిచి ఉంచే ప్రధానోపాధ్యాయుడు, పనిముట్ల సంచితో లోపలికి వచ్చే మెకానిక్కు ఉంటే చాలు.