ఫిజిక్స్ రాకపోతే డాక్టర్ కాకూడదా?

"యావరేజ్ పిల్లలకు మెడిసిన్ ఎందుకన్నా, పైసలు దండగ, ఏండ్లు దండగ." మొన్న యాప్రాల్‌లో ఒక గృహప్రవేశం భోజనాల దగ్గర ఒక పెద్దమనిషి తీర్పు చెప్పేశాడు. ఎదురుగా బైపీసీ ఫస్టియర్ పిల్ల కూర్చుని ఉంది. పప్పన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. "నాకంత బ్రెయిన్ లేదులే అంకుల్" అంది. బుద్ధిమంతురాలని అందరూ మెచ్చుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

ఆ మాట ఆ పిల్లది కాదు, కాలేజీ నేర్పింది. వారం వారం టెస్టు. మార్కుల లిస్టు గోడకు అంటిస్తారు, దాని ఫొటో రాత్రికల్లా తల్లి వాట్సాప్‌కు వస్తుంది. లిస్టును బట్టి సెక్షన్లు మారతాయి. పై బ్యాచ్‌కు మంచి లెక్చరర్లు, కింది బ్యాచ్‌కు మిగిలినవాళ్లు. యాప్రాల్ నుంచి ఈసీఐఎల్ చౌరస్తా దాకా ఎటు చూసినా ర్యాంకర్ల ఫ్లెక్సీలే. ఆర్నెల్లు ఇలా గడిచాక పదహారేళ్ల పిల్ల ఆ లిస్టులోని నంబరే తన తెలివి అనుకోక ఏం చేస్తుంది? భయం పుట్టించింది మనం, ఇప్పుడు దాన్నే 'తన శక్తి తను తెలుసుకుంది' అంటున్నాం. ఇంతకంటే అన్యాయం ఉందా?

ఇంతకీ రానిదేమిటని అడిగితే ఫిజిక్స్ అంది. బయాలజీలో క్లాసుకే ముందుంటుందట. నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవే, ఫిజిక్స్‌వి 180. మొత్తం 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. వాలు బల్ల మీద జారే దిమ్మె త్వరణాన్ని నిమిషంలో తేల్చలేని పిల్ల, రేపు రోగి పొట్ట నొక్కి అపెండిక్స్ వాపును పసిగట్టలేదని ఎవరు చెప్పారు? ఎంబీబీఎస్ మొదటి ఏడు చదివేది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ. అక్కడ కావాల్సింది రోజూ కూర్చుని చదివే ఓపిక. అక్కడా తప్పేవాళ్లు ఉంటారు. అందుకే 2023 నిబంధనల్లో జాతీయ వైద్య కమిషన్ మొదటి సంవత్సరం గట్టెక్కడానికి నాలుగు అవకాశాలు, కోర్సు మొత్తానికి తొమ్మిదేళ్ల గడువు ఇచ్చింది.

సీట్లు తక్కువ, వడపోత తప్పదంటారు. నిజమే. 2024లో నీట్ రాసినవాళ్లు 23 లక్షల పైమాటే, ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కాస్త పైన. కాని సీటు రాకపోవడం వేరు, చదివే శక్తి లేకపోవడం వేరు.

అసలు ఈ 'శక్తి' లెక్క డబ్బున్నవాళ్లకు ఎందుకు వర్తించదు? తెలంగాణ ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో సగం సీట్లు కన్వీనర్ కోటావి, 35 శాతం బి కేటగిరీ, 15 శాతం ఎన్నారై. బి కేటగిరీ ఫీజు ఏడాదికి పది లక్షలు దాటుతుంది. కన్వీనర్ సీటు రాని మార్కులతో అక్కడ చేరిన పిల్లాణ్ని 'నీకంత బ్రెయిన్ ఉందా' అని ఏ పెళ్లి భోజనాల్లో అడిగారు? 2023లో పీజీ సీట్లు మిగిలిపోతే నీట్ పీజీ కటాఫ్‌ను సున్నా పర్సంటైల్‌కు దించారు. సీట్లు నింపాలంటే మార్కులు అడ్డురావు, ఈ పిల్ల ఆశపడితే మాత్రం అడ్డొస్తాయి!

భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావునే చూడండి, మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టాడని సర్జరీ ప్రొఫెసర్ కన్నెర్రజేస్తే, ఎంబీబీఎస్ దక్కక, దానికంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టాతో బయటికొచ్చాడు. తర్వాత అమెరికాలో ఆయన నడిపిన లెడర్లే ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్ అనే మందునే 1947 చివర్లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చాడు. 'ఆయన మేధావి, అందరూ ఆయనలా అవుతారా' అంటారు. మెట్రిక్ తప్పిన రోజున ఆయన మేధావి అని ఎవరికి తెలుసు?

ముందు గోడల మీది లిస్టులు పీకెయ్యాలి. బైపీసీ పిల్లల్ని సెలవుల్లో కొన్నాళ్లు బస్తీ దవాఖానాలో కూర్చోబెట్టాలి. పుండుకు కట్టు కడుతుంటే చూడగలరా, ముసలమ్మ తన నొప్పిని మొదటినుంచీ మళ్లీ చెప్తుంటే వినగలరా, అక్కడ తేలుతుంది. ఇంటర్ బోర్డు తలచుకుంటే దీన్ని ప్రాక్టికల్స్‌లో కలపొచ్చు. ఎలా కలపాలో బోర్డూ లెక్చరర్లూ కూర్చుని మాట్లాడుకోవాలి, ఈ ఏడాదే.