చలిదేశపు 41తో నెల్లూరుకేం పని?

2024 జనవరిలో చికాగో గడ్డకట్టినప్పుడు చార్జింగ్ స్టేషన్ల దగ్గర టెస్లా కార్లు కదలక నిలిచిపోయాయి. ఆ వీడియోలు నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. ఇక్కడ ఎవరైనా కరెంటు కారు కొంటానంటే చాలు, అక్కడ ఉద్యోగం చేసుకుంటున్న అల్లుడో మేనల్లుడో పంపిన ఆ వీడియో ముందుకొస్తుంది. "చలికే సగం బ్యాటరీ పోతుందట, ఇక మన ఎండలకు ఏం నిలుస్తుంది?" అంటారు. చదువుకున్నవాళ్లూ ఇదే మాట, టీవీ చర్చల్లోనూ ఇదే మాట. జనవరి తెల్లవారుజామున కూడా 20 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండే ఊరికి చికాగో చలిని కొలబద్ద చేయడం తప్పు. ఆ తప్పు మీద విధానాలు కట్టడం ఇంకా పెద్ద తప్పు.

ఈ వాదనకు ఆధారంగా చూపే అంకె 41. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ అయిదు ఎలక్ట్రిక్ కార్లను పరీక్షించి 2019 ఫిబ్రవరిలో ఫలితాలు ప్రకటించింది. మైనస్ 7 డిగ్రీల చలిలో హీటర్ వేసుకుని నడిపితే ఒక్క చార్జింగ్‌తో వెళ్లే దూరం సగటున 41 శాతం తగ్గింది. చాలా పత్రికలు దాన్నే శీర్షిక చేశాయి. అదే పరీక్షలో అవే కార్లను 35 డిగ్రీల వేడిలో ఏసీ వేసుకుని కూడా నడిపారు. అప్పుడు తగ్గింది 17 శాతం. ఏసీ వేయకపోతే 4 శాతమే. నెల్లూరు మనిషికి కావలసిన అంకె 17. అయిదారేళ్లుగా ఇక్కడ ఈ చర్చ వింటున్నాను. ఒక్కరి నోటా ఆ 17 వినలేదు.

ఇంత తేడా ఎందుకో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. బయట మైనస్ 7 ఉంటే కారు లోపల 21 డిగ్రీలు కావాలి. అంటే 28 డిగ్రీలు పెంచాలి. పెట్రోలు కారుకు ఇంజను వేడి ఊరికే దొరుకుతుంది. కరెంటు కారుకు ఆ వేడి కూడా బ్యాటరీలోంచే రావాలి. దానికి తోడు చలికి బ్యాటరీలోని రసాయన చర్య మందగిస్తుంది. మన దగ్గర బయట 40 ఉంటే లోపల 25 చాలు. తగ్గించాల్సింది 15 డిగ్రీలే. పైగా ఏసీ లోపలి వేడిని తీసి బయట పోస్తుంది. మామూలు హీటరు లాగా యూనిట్లకు యూనిట్లు కాల్చి వేడి పుట్టించే పని దానికి లేదు.

ఇప్పుడు మన దారి మీద లెక్క వేద్దాం. విమానం ఎక్కాలన్నా, పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా నెల్లూరు వాళ్లకు చెన్నై తప్పదు. దూరం సుమారు 175 కిలోమీటర్లు. మామూలు వాతావరణంలో నిజంగా 300 కిలోమీటర్లు నడిచే కారు ఉందనుకోండి. 41 శాతం తీసేస్తే 177 మిగులుతుంది. చెన్నై పొలిమేర చేరేసరికే ప్రాణం గొంతులోకి వస్తుంది. 17 శాతం తీసేస్తే మిగిలేది 249. చెన్నై చేరాక ఊళ్లో తిరగడానికి ఇంకా 70 కిలోమీటర్లు చేతిలో ఉంటాయి. తిరుగు ప్రయాణానికి ఒక్కసారి చార్జింగ్ పెట్టుకుంటే సరి. ఏ అంకె పట్టుకున్నామన్న దాన్ని బట్టి ఒక కుటుంబం నిర్ణయమే తారుమారవుతుంది.

చలి గురించి అంత భయపెడుతున్నారు కాబట్టి నార్వే మాట కూడా చెప్పాలి. 2024లో ఆ దేశంలో అమ్ముడైన కొత్త కార్లలో 88.9 శాతం పూర్తిగా బ్యాటరీవే. చలి మనకన్నా వాళ్లకు బాగా తెలుసు. ఆ చలి దెబ్బ తగిలే దేశం కొంటుంటే, 17 శాతం దెబ్బ తగిలే తీరం భయపడుతోంది.

అవతలి వైపు న్యాయం లేదనను. పరీక్ష జరిగింది 35 డిగ్రీల దగ్గర. రోహిణి కార్తెలో మనకు 43 దాటుతుంది, అప్పుడు నష్టం 17 కన్నా పెరుగుతుంది. జాతీయ రహదారి మీద వంద వేగంతో పోతే ఇంకొంత తగ్గుతుంది. తుపాను వచ్చి కరెంటు పోతే చార్జింగ్ ఆగిపోతుంది. 2021 నవంబరులో పెన్నా పొంగి రహదారే తెగినప్పుడు మాత్రం పెట్రోలు బండ్లూ నిలిచిపోయాయి. ఇవేవీ 17ను 41 చేయవు.

మన అసలు సమస్య వేరు. ఎండ దూరాన్ని కొంచెమే తగ్గిస్తుంది, బ్యాటరీ ఆయుష్షును మాత్రం మెల్లగా తినేస్తుంది. అమెరికాలోని ఫీనిక్స్ ఎడారి నగరంలో తొలితరం నిస్సాన్ లీఫ్ కార్లకు జరిగింది ఇదే. గాలికే చల్లబడాల్సిన వాటి బ్యాటరీలు ఎండకు త్వరగా నీరసించాయి. 2012లో యజమానులు గొడవ చేశాకే కంపెనీ బ్యాటరీ సామర్థ్యానికి వారంటీ ఇచ్చింది. మనం చూడాల్సింది ఫీనిక్స్ వైపు. బ్యాటరీని ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉందా, వేడిని ఎక్కువగా తట్టుకునే లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్ఎఫ్‌పీ రకమా అన్నవి కొనేవాడు అడగాల్సిన ప్రశ్నలు. ఎల్ఎఫ్‌పీకి చలి పడదు. ఆ లోపం మనకు లెక్కలోకే రాదు.

మొన్న మే నెలలో ఆత్మకూరు బస్టాండు దగ్గర ఒక కరెంటు ఆటో ఎక్కాను. దిగేటప్పుడు చార్జింగ్ ఎప్పుడు పెడతావని అడిగితే డ్రైవరు బండి కింద చెయ్యి పెట్టి చూపించాడు. "కాగిపోయుండాదన్నా. గంటసేపు చెట్టు కింద నిలిపి, చల్లారినాక పెడతా. రాంగానే పెట్టకూడదు." ఏ షోరూములో చెప్పారని అడిగాను. "వాళ్లేం చెప్పలేదన్నా, పక్కోడి బండి బ్యాటరీ పోయినాక తెలిసింది" అన్నాడు. పైవాళ్ల తీరూ ఇంతే. 2022 ఏప్రిల్లో నిజామాబాదులో, విజయవాడలో ఇళ్లలోనే స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాతే కేంద్రం బ్యాటరీ భద్రతా ప్రమాణాలు బిగించింది. ప్రాణాలు పోయాక, డబ్బు పోయాక పాఠం నేర్చుకోవడం మనకు అలవాటైపోయింది.

ఇక చార్జింగ్ స్టేషన్లు. నగరాల్లో 3 కిలోమీటర్లకొకటి, రహదారులపై 25 కిలోమీటర్లకొకటి ఉండాలని 2022లో కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. నాయకులు, అధికారులు అప్పటినుంచీ ఇలాంటి సంఖ్యలే వల్లిస్తున్నారు. మొన్నటి వేసవిలో రహదారి పక్కన ఒక స్టేషన్‌లో ఆగాను. పైన రేకు ముక్క కూడా లేదు. చార్జింగ్ గన్ పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది, తువ్వాలు చుట్టి పట్టుకోవాల్సి వచ్చింది. తెర మీద అక్షరాలు ఎండకు కనపడలేదు. కారూ, బ్యాటరీ, మనిషీ ముగ్గురూ ఎండలోనే. ఇలాంటివి వంద పెట్టి వంద అని లెక్క చెబితే ఎవరిని మోసం చేస్తున్నట్టు?

కంపెనీలు ఇన్నేళ్లూ ప్రకటించిన రేంజి ఏసీ ఆపి, మామూలు వాతావరణంలో చేసిన పరీక్షది. మే నెలలో ఏసీ ఆపి చెన్నై వెళ్లే నెల్లూరు కుటుంబం ఏదైనా ఉందా? కాబట్టి అధికారులారా, 40 డిగ్రీల్లో ఏసీ వేసి ఎంత దూరం నడుస్తుందో ప్రతి షోరూము గోడ మీద రాయించండి. ప్రతి చార్జరు మీదా నీడ వేయించండి, తీరం వెంబడి ఉప్పుగాలికి తుప్పు పట్టని పిన్నులు పెట్టించండి. ఎనిమిదేళ్లు ఎండలో తిరిగాక బ్యాటరీలో ఎంత శక్తి మిగులుతుందో కంపెనీలతో కాగితం మీద సంతకం పెట్టించండి.

ఇవేవీ చేయకుండా "మన వాతావరణానికి పనికిరావు" అని చేతులు దులుపుకునే అధికారికి ఒకటే ప్రశ్న. మన వాతావరణంలో మీరు ఏం కొలిచారు? వాళ్ల చలిని అమెరికా వాళ్లు కొలుచుకున్నారు. మన ఎండను కూడా వాళ్లే కొలిచి 17 అని చేతికిచ్చారు. దాన్ని చదివే ఓపిక లేని విధానానికి నెల్లూరు ఎందుకు తలవంచాలి?