తెల్లబోయిన పగడము



ప్రొద్దుటూరులో పగడము అంటే బంగారు అంగళ్ళలో దొరికే ఎర్రని పూస. నల్లపూసలలో గుచ్చుతారు, ఉంగరములో పొదుగుతారు. అది సముద్రములో ఒక జీవి కట్టుకొన్న ఎముక వంటిదని తలచేవారు తక్కువ. మేమును అంతే. గత సంవత్సరము మే నెలలో ఒక సాయంకాలము కుటుంబ ప్రార్థనకు వెళ్ళేవరకు బ్రతికియున్న పగడమును మేము కంటితో చూచి ఎరుగము.

ఆ ఇంటి యజమాని బంగారు పని చేస్తారు. కుమారునికి బెంగళూరులో ఉద్యోగము పోయినది. ఇంటికి వస్తూ నాలుగడుగుల గాజు తొట్టిని వెంట తెచ్చుకొన్నాడు. చేతిలో మిగిలిన డబ్బులో సగము దానికే పెట్టాడు. అది మొదలు తండ్రి కుమారునితో సరిగా మాట్లాడుట లేదు.

ప్రార్థన ముగిసిన తరువాత ఆయన, "అయ్యగారూ, వీనికి మీరైనా చెప్పండి. ఉప్పునీళ్ళలో డబ్బు కరిగిస్తున్నాడు" అన్నారు.

ఆ అబ్బాయి తల వంచుకొని, "అవి చచ్చిపోతున్నాయి అయ్యగారూ" అన్నాడు. డబ్బు మాట తండ్రిది, ప్రాణము మాట కుమారునిది. ఇద్దరి మాటలోను బాధ ఉన్నది.

తొట్టిలో పుట్టగొడుగుల వంటివి, బొత్తాముల వంటివి, తోలు వంటి చర్మము గలది, ఇట్లు కొన్ని మెత్తని పగడములు ఉన్నవి. కొన్ని ముడుచుకొనిపోయినవి, కొన్ని సున్నము పూసినట్లు తెల్లబోయినవి. అబ్బాయి మాకు వివరించాడు. పగడము మొక్క కాదు, జంతువు. దాని ఒంటిలో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. వెలుతురులో ఆ నాచు వండిన ఆహారములో ఎక్కువ భాగము పగడమునకే చేరుతుంది. చాలా పగడములకు రంగును కూడ ఇచ్చేది అదే. వేడి మితిమీరినప్పుడు పగడము ఆ నాచును బయటకు తోసివేస్తుంది. అప్పుడు తెల్లబోతుంది. తెల్లబోయినంత మాత్రాన చచ్చినట్లు కాదు. నీరు బాగుపడితే కొన్ని వారములకో నెలలకో నాచు తిరిగి చేరవచ్చును. బాగుపడకుంటే ఆకలితో చస్తుంది.

అబ్బాయి చేతిలో ఒక మందు సీసా ఉన్నది. చేపల మచ్చల జబ్బుకు వాడేదట. ఆ రాత్రే పోయాలని చూస్తున్నాడు. మాకు తెలియని సంగతి గనుక, ఒక్క రోజు ఆగమని మాత్రము చెప్పి వచ్చాము.

మరునాడు జమ్మలమడుగు నుండి మా సంఘ పెద్ద ఒకరిని పిలుచుకొని వెళ్ళాము. ఆయన కళాశాలలో రసాయన శాస్త్రము బోధించి విశ్రాంతి పొందినవారు. సీసా మీది అక్షరములు చదివి పక్కన పెట్టేశారు. "ఇందులో ఉన్నది రాగి. చీనీ చెట్లకు కొట్టే బోర్డో మిశ్రమములోని మైలుతుత్తమే. చేపకు మందు, పగడమునకు విషము. మందు సంగతి తరువాత, ముందు కొలత" అన్నారు.

కొలిచి చూస్తే నీటి వేడి 31 డిగ్రీలు. ఉండవలసినది 25 నుండి 27. ఉప్పు సాంద్రత 1.025 నుండి 1.026 ఉండవలసినది 1.031 ఉన్నది. మా ఎండలు 42, 43 డిగ్రీలు. తొట్టి చల్లబడాలని అబ్బాయి నీటి మీదికి ఫ్యాను పెట్టాడు. నీరు త్వరగా ఆవిరైనది. తగ్గిన నీటికి బదులు ప్రతి దినము ఉప్పునీరే కలిపి పోశాడు. నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు ఆవిరి కాదు. సముద్రపు జీవులు గదా అని ఉప్పునీరు పోయుట మంచి మనసుతో చేసిన పనే. ఆ మంచి మనసే వాటిని ముడుచుకొనునట్లు చేసినది. తగ్గిన నీటికి బదులు ఉప్పు లేని నీరే పోయవలెను.

అయితే ఆ నీరు మా బోరు నీరు కారాదు. జమ్మలమడుగు చుట్టూ నాపరాతి గనులు, ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. నేల అడుగున ఎక్కడ చూచినా సున్నపురాయి. వేంపల్లె, పులివెందుల దిక్కున రాళ్ళలో స్ట్రొమటొలైట్లు అనే పొరల గుర్తులున్నవి. అవి 180 కోట్ల సంవత్సరములకు పైబడినవని శాస్త్రజ్ఞుల లెక్క. పగడములు ఇంకను లేని కాలములో, సముద్రములో సూక్ష్మజీవులు కట్టిన దిబ్బలవి. మేము నడిచే నేల ఒకప్పుడు సముద్రపు అడుగు అని మాస్టారు చెప్పగా తండ్రి కూడ దగ్గరకు వచ్చి విన్నారు. అట్టి నేలలోనుండి వచ్చే నీటిలో సున్నము, ఇతర లవణములు ఎంతెంత ఉన్నవో బోరు బోరుకు మారుతుంది. రోజూ పోస్తే అవి తొట్టిలో పేరుకొంటవి.

ఇటువంటి తొట్టి ఉన్నవారి కొరకు మాస్టారు చెప్పిన క్రమమును ఇక్కడ వ్రాస్తున్నాము.

1. తగ్గిన నీటికి బదులు ఆర్.ఓ. నీరు వాడవలెను. ఇంటి యంత్రములు రుచి కొరకు లవణములు కలుపుతవి గనుక టి.డి.ఎస్. మీటరుతో కొలిచి, సున్నాకు దగ్గరగా ఉన్న నీటినే పోయవలెను.

2. పెరిగిన ఉప్పును ఒక్క దినములో దించరాదు. దినమునకు 0.001 చొప్పున దించవలెను.

3. గట్టిగా మూత బిగించిన మంచు సీసాను కొద్దిసేపు తేలవిడిచి వేడిని నెమ్మదిగా తగ్గించవలెను. కరెంటు పోయినప్పుడు గాలి ఆడుటకు బ్యాటరీ పంపు సిద్ధముగా ఉంచవలెను.

4. తెల్లబోయినవాటికి దీపము తగ్గించవలెను. నాచు లేని ఒంటికి వెలుతురు ఎక్కువైతే భారమే.

5. వారమునకు పదవ వంతు నీరు మార్చవలెను. కొత్త నీటిలో అక్వేరియముల కొరకు అమ్మే సముద్రపు ఉప్పునే కలపవలెను, వంట ఉప్పు కాదు.

6. కుళ్ళిన భాగము కనబడితే పదునైన బ్లేడుతో మంచి భాగము వరకు కోసి తీసివేయవలెను. చేతికి గ్లౌజులు, కంటికి అద్దములు తప్పనిసరి. బొత్తాముల వంటి పగడములలో కొన్నిటికి ప్రాణము తీసే విషమున్నది. అవి అంటుకొన్న రాతిని వేడినీటిలో వేయరాదు, ఆరబెట్టి గీకరాదు.

7. ఒకేసారి రెండు మార్పులు చేయరాదు. చేస్తే ఏది మేలు చేసినదో, ఏది కీడు చేసినదో తెలియదు.

ఆ వారమే పులివెందుల నుండి అబ్బాయి మేనమామ వచ్చారు. చీనీ తోట గలవారు. తొట్టి ముందు కూర్చుండి, "ఒరే అల్లుడూ, చీనీ చెట్టు ఆకు వాడితే ఆకుకు మందు కొట్టేవాడు తోట పోగొట్టుకొంటాడు. వేరు కాడ చూడాల. శానాసార్లు నీళ్ళు ఎక్కువై వేరు కుళ్ళింటాది. నీళ్ళు ఆపడమే మందు" అన్నారు. పగడమునకు నీరే వేరు. మాస్టారు కొలతలతో చెప్పినది ఈయన ఒక్క మాటలో చెప్పారు.

ఇంకొక సంగతి దాచరాదు. మధ్యలో ఒక వ్యాపారి ఫోను చేసి, చచ్చినవాటికి బదులు కొమ్మల రాతి పగడమును బిల్లు లేకుండ బస్సు పార్సిలులో పంపుతాననెను. అబ్బాయి మమ్మును అడిగాడు. రాతి పగడములన్నిటిని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టములోని ఒకటవ షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్నంత రక్షణ వాటికిని ఉన్నది. సముద్రములోనుండి విరిచి తెచ్చిన కొమ్మను ఇంట పెట్టుకొనుట నేరము. లక్షద్వీపముల పగడములు 1998లోను, 2010లోను, 2016లోను, తిరిగి 2024లోను వేడికి తెల్లబోయినవి. తొట్టికి ఫ్యాను పెట్టగలము, సముద్రమునకు ఎవరు పెట్టగలరు? అక్కడ మిగిలినవానిని అక్కడనే ఉండనిమ్మని చెప్పాము. అబ్బాయి ఆ నంబరు తీసివేశాడు.

అన్నియు బ్రతికినవని చెప్పలేము. బొత్తాములలో సగము పోయినవి. పుట్టగొడుగులలో రెండు మిగిలినవి. వాటికి రంగు తిరిగి వచ్చుటకు నాలుగు నెలలు పట్టినది. తోలు పగడము మూడు వారములు ముడుచుకొనే ఉన్నది. చచ్చినదనుకొని తీసివేయబోతే మాస్టారు ఆపారు. ఒక ఉదయము పైపొర విడిచి మరల విచ్చుకొన్నది.

ఆ సంగతి మాకు ఫోనులో చెప్పినవారు కుమారుడు కాదు, తండ్రి. "అయ్యగారూ, అది లేచింది" అన్నారు. తరువాత ఆ ఇంటికి వెళ్ళినప్పుడు బంగారు తూచే చిన్న త్రాసులో ఆయనే సముద్రపు ఉప్పు తూచి ఇస్తున్నారు. పక్కన నోటు పుస్తకములో ప్రతి దినము వేడి, సాంద్రత వ్రాసి ఉన్నవి. కొన్ని దినములు కుమారుని చేవ్రాత, కొన్ని దినములు తండ్రి చేవ్రాత.

అబ్బాయికి ఇంకను ఉద్యోగము దొరకలేదు. ఇల్లు మాత్రము మాట్లాడుతున్నది. మన యిండ్లలో ఎవరైనా తెల్లబోయి ముడుచుకొని కూర్చున్నప్పుడు మనము సీసా తరువాత సీసా పోస్తాము: బుద్ధిమాటలు, కోపము, పోలికలు. చుట్టూ ఉన్న నీరు ఎట్లున్నదో ముందుగా చూచుట మంచిది. దినమునకు కొంచెము చొప్పున దానిని సరిచేసి, కనిపెట్టియుండుట ఇంకను మంచిది.