పునాదిరాయి వేస్తే ప్లాన్ అయిపోదు

చింతలపూడి వైపు మామిడితోట గుత్తకు తీసుకునే పెద్దాయనను ఎప్పుడైనా గమనించారా? పూత చూస్తాడు. కాయ ఎంత నిలుస్తుందో లెక్కేస్తాడు. తేనెమంచు పురుగుకు మందు ఖర్చు, కోత కూలి, బండి కిరాయి కలుపుకుంటాడు. ఏప్రిల్‌లో గాలిదుమారం వస్తే ఎంత రాలిపోతుందో కూడా ముందే మనసులో తీసేస్తాడు. అప్పుడే రేటు చెబుతాడు. డబ్బంతా ఒకేసారి చేతిలో పెట్టడు, వాయిదాలు పెట్టుకుంటాడు. ఎంబీఏ పుస్తకాల్లో బడ్జెట్, రిస్క్, మానిటరింగ్ అంటున్నది దీన్నే.

మరి మన పెద్ద ప్రాజెక్టుల్లో ఈ లెక్క ఎక్కడ తప్పుతోంది? మన ఊరి పేరే పెట్టుకున్న చింతలపూడి ఎత్తిపోతల పథకాన్నే తీసుకుందాం. గోదావరి నీటిని మెట్ట ప్రాంతానికి ఎత్తిపోయాలని 2008లో దీన్ని మొదలుపెట్టారు. అంచనా రూ.1,701 కోట్లు, లక్ష్యం 2 లక్షల ఎకరాలు. 2016లో నాగార్జునసాగర్ ఎడమ కాలువ చివరి భూములను కూడా చేర్చి లక్ష్యాన్ని 4.80 లక్షల ఎకరాలకు పెంచారు. అంచనా రూ.4,909.80 కోట్లకు చేరింది.

'ఖర్చు మూడు రెట్లయింది' అని అరిచే ముందు మీరే కాగితం మీద లెక్కేయండి. మొదటి అంచనాలో ఎకరాకు దాదాపు రూ.85 వేలు. రెండో దాంట్లో సుమారు రూ.1.02 లక్షలు. అంటే పెరుగుదలలో ఎక్కువ భాగం పని విస్తీర్ణం పెరగడం వల్ల వచ్చింది. ధర పెరగడం వేరు, పని పెరగడం వేరు. ఈ తేడా పట్టుకోగలిగిన కుర్రాడికి ఏ ఆఫీసులోనైనా విలువ ఉంటుంది.

అసలు దెబ్బ కాగితాల దగ్గర తగిలింది. పర్యావరణ అనుమతి లేదన్న కారణంతో జాతీయ హరిత ట్రైబ్యునల్ 2021 డిసెంబరులో ఈ పథకంపై రూ.73.6 కోట్ల జరిమానా వేసింది. తర్వాత వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. రాయి పగలకపోవడం, మోటారు కాలిపోవడం లాంటివి ఇంజినీర్లు ఊహించే రిస్కులే. అనుమతులు, భూసేకరణ, అటవీ భూమి మాత్రం 'తర్వాత చూస్కుందాం' జాబితాలోకి పోతాయి. నా అభిప్రాయంలో అవే మొదటి వరుసలో ఉండాలి. ఎందుకంటే కాలువ సగం తవ్వాక పని ఆగితే పెట్టిన డబ్బూ పారదు, నీళ్లూ పారవు. ఎదురుచూసే రైతు మాత్రం మళ్లీ ఇంకో బోరు వేస్తాడు.

ఖర్చు వేరు, పని వేరు

'ఇప్పటికే 60 శాతం ఖర్చుపెట్టాం' అని ఎవరైనా చెబితే 60 శాతం పని అయిందనుకోకండి. చిన్న ఉదాహరణ చూడండి. తోట చుట్టూ 1,000 మీటర్ల కంచె వేయాలి. గడువు 10 రోజులు, బడ్జెట్ రూ.5 లక్షలు. అయిదో రోజు సాయంత్రానికి రూ.3 లక్షలు అయిపోయాయి, కంచె మాత్రం 400 మీటర్లే లేచింది. ఇదే తీరులో పోతే మొత్తం పూర్తయ్యేసరికి రూ.7.5 లక్షలు, పన్నెండున్నర రోజులు పడుతుంది. ఈ మాట పదో రోజు తెలిస్తే గొడవ అవుతుంది. అయిదో రోజే తెలిస్తే దిద్దుకోవచ్చు. మానిటరింగ్ అంటే అంతే. వేయాల్సిందెంత, వేసిందెంత, అయిన ఖర్చెంత? ఈ మూడు అంకెలను వారం వారం పక్కపక్కన పెట్టి చూడటం.

మీ జీవితమూ ఒక ప్రాజెక్టే

ఇప్పుడు మీ సంగతికొద్దాం. గ్రూప్స్ కోచింగ్‌కని హైదరాబాద్‌ వెళ్లే మీలో ఎందరు ఇలా లెక్క వేసుకున్నారు? హాస్టల్, ఫీజు, పుస్తకాలు కలిపి నెలకు ఎంత? నోటిఫికేషన్ ఏడాది ఆలస్యమైతే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఎప్పుడు ఆగి దారి మార్చుకోవాలి? ఈ మూడో ప్రశ్నకు జవాబు బయల్దేరే ముందే రాసుకోండి. రెండేళ్లు గడిచాక రాయబోతే మనసు ఒప్పుకోదు. నాన్న తోట గుత్తకిచ్చి పంపిన డబ్బు అది. దానికి లెక్క ఉండాలి.

ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ వాళ్లకే అనుకోవద్దు. కాలువ పనిలో, కోల్డ్ స్టోరేజీలో, ఆయిల్‌పామ్ తోటలో అన్నిచోట్లా ఇది తెలిసిన మనిషి కావాలి. స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు కట్టాలి. అంతకంటే ముందు ఒక పని చేయండి. ఈ సీజన్‌లో మీ తోటకో, పక్క తోటకో అయ్యే ఖర్చును, రాబడిని, రాగల నష్టాలను ఎక్సెల్ షీట్‌లో రాయండి. కోతలయ్యాక మీ అంచనా ఎక్కడ తప్పిందో చూసుకోండి. రేపు ఇంటర్వ్యూలో 'ఏం అనుభవం ఉంది?' అని అడిగితే ఆ షీటు చూపించి మాట్లాడొచ్చు.