అతుకు వేస్తే ఆగదు, కోయాల్సిందే!

మొన్నామధ్య ఓ ఆదివారం పొద్దున్నే కింది ఫ్లాటు అంకుల్ బెల్ కొట్టారు. "బాబూ, మా హాలు సీలింగు తడుస్తోంది. మీ చేపలు మా ఇంటికి దిగేలా ఉన్నాయి" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు గానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు.

నాది నాలుగడుగుల తొట్టి, 250 లీటర్లు. దాని కింద అల్మరాలో ఫిల్టరు తొట్టి, పంపు, అంగుళం పీవీసీ పైపులు. అన్నీ నా స్వహస్తాలతో బిగించినవే. పంపు పక్క ఎల్బో రెండు నెలలుగా కారుతోంది. మొదటిసారి పైన సొల్యూషన్ పూశా, వారం ఆగింది. రెండోసారి ఎపాక్సీ ముద్ద పెట్టా. మూడోసారి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, కింద ఓ ట్రే పెట్టి ఆఫీసుకెళ్ళిపోయా. మూడు రిలీజులు, బగ్గు మాత్రం అదే!

సెకనుకో చుక్కే కదా అనుకున్నా. మిల్లీలీటరుకి సుమారు 20 చుక్కలు, రోజుకి 86,400 సెకన్లు... అంటే రోజుకి నాలుగు లీటర్ల పైమాటే. బీటెక్ చదివి కూడా ఈ లెక్క రెండు నెలలు వెయ్యలేదు. పైగా పంపు వైరు తిన్నగా కింద ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సులోకే వెళ్తోంది. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కాలి, అప్పుడే దాని వెంట జారే నీళ్ళు ప్లగ్గులోకి పోకుండా కిందనే రాలిపోతాయి. తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ప్లంబర్ వచ్చి ఒక్క చూపు చూసి, "ఇది అతికిచ్చేది గాదు సార్, కరిగిచ్చేది. కొయ్యాలె" అన్నాడు.

నిజమే. పీవీసీ సొల్యూషన్ జిగురు కాదు. అది పైపు పైభాగాన్నీ, ఎల్బో లోపలి భాగాన్నీ మెత్తబరిచి రెంటినీ ఒకటి చేస్తుంది. లోపల కలవని చోట బయట ఎంత పూసినా దండగే. అందులోనూ తడి మీద అసలు పట్టదు. కారే ముక్కని కోసి పారేసి కొత్తది వెయ్యడమే మందు. ముందు సొల్యూషన్ లేకుండా బిగించి గుర్తు పెట్టుకోవాలి. కోసిన అంచు గరుకు తీసి, తుడిచి, ఆరాక రెండు వైపులా పూసి, పావు చుట్టు తిప్పుతూ దూర్చి, అర నిమిషం గట్టిగా పట్టుకోవాలి. వదిలేస్తే పైపు వెనక్కి జరుగుతుంది. నేను చేసిన తప్పు సరిగ్గా అదే. డబ్బాలో సొల్యూషన్ జెల్లీలా గట్టిపడి ఉంటే మొహమాటం లేకుండా పారెయ్యండి. మర జాయింటు సంగతి వేరు, దానికి టెఫ్లాన్ టేపు చాలు. బలం చూపిస్తే ప్లాస్టిక్ పగులుతుంది.

మరి ఇంత తెలిసీ పైపూతలెందుకు? బద్ధకం ఒక్కటే కాదు, భయం. కొత్త జాయింటు బాగా ఆరడానికి ఓ రోజు వదిలెయ్యాలి. అంతసేపు ఫిల్టరు ఆపితే అందులో అమ్మోనియాని తినే బాక్టీరియా గాలాడక చస్తాయి, ఆ తర్వాత చేపల వంతు. ఈ భయం సబబే, కానీ దానికి దారుంది. ఫిల్టరు లోపలి సరుకంతా తొట్టి నీళ్ళతోనే ఓ బకెట్లో వేసి గాలి పంపు పెట్టండి. తొట్టిలో ఇంకోటి. ఆ రోజు మేత తగ్గించండి. నా ఏంజెల్ ఫిష్‌లు నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి.

నా మటుకు నాకు అసలు తప్పు రిపేర్లో లేదు, మొదట్లోనే ఉందనిపిస్తుంది. జీవితంలో కారదు అన్నట్టు కట్టాను. ఎల్బోకీ ఎల్బోకీ మధ్య కోయడానికి రెండంగుళాల పైపు కూడా వదల్లేదు. పంపుకి అటో యూనియన్, ఇటో యూనియన్ పెట్టి ఉంటే చేత్తో విప్పి, ఆ ముక్క బయట చేసుకుని, నిమిషాల్లో బిగించేవాణ్ణి. ఏ జాయింటైనా ఎప్పుడో ఒకప్పుడు కారుతుందనుకునే కట్టాలి. ఆఫీసులో డిజైన్ రివ్యూల్లో ఇదే మాట అందరికీ చెప్తాను, ఇంట్లో మాత్రం యూనియన్లు దండగ ఖర్చనుకున్నా.

అంకుల్ గారి సీలింగుకి రంగు నేనే వేయించా. ఆ డబ్బుతో రెండు కాదు, ఇరవై యూనియన్లు వచ్చేవి. మీ తొట్టి కింద తలుపు కూడా ఈ రోజే ఓసారి తెరిచి చూడండి. ట్రే కనిపిస్తే మీరూ నా బాపతే!